కారులో చదివితే కడుపులో తిప్పుతోందా? ఆవలింత దగ్గరే ఆపేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి గంటంబావు, రావడానికి గంటంబావు కారు ప్రయాణం. వెనక సీట్లో కూర్చుంటారు. మరో మూడు నెలల్లో డిపార్ట్‌మెంట్ పరీక్ష ఉంది, చదువుకోవడానికి దొరికే సమయం ఈ ప్రయాణమే. కానీ పుస్తకం తెరిచిన పది నిమిషాలకే నోట్లో నీళ్లు ఊరి, కడుపులో తిప్పడం మొదలవుతోంది. పక్క సీట్లో ఆయన మాత్రం దారి పొడవునా ఫోన్‌లో నవల చదువుకుంటూ వస్తారు. "పట్టుబట్టి రోజూ చదివితే అలవాటైపోతుందా, లేక మాత్ర వేసుకోవడమే దారా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. అలవాటవుతుంది. అయితే పళ్ల బిగువున ఓర్చుకుని చదివితే అవ్వదు, ఇంకా ముదురుతుంది. వికారం మొదలవక ముందే ఆపేస్తూ, తేరుకున్నాక మళ్లీ కాసేపు చదువుతూ పోతే కొన్ని వారాల్లో చాలామందికి పరిస్థితి మారుతుంది. మాత్ర వికారాన్ని ఆపగలదు కానీ మీ అవసరానికి పనికొచ్చేది కాదు, ఎందుకో కింద రాస్తాను. ఇంకో మాట కూడా ముందే చెప్పడం మంచిది: గంటంబావు ఏకబిగిన చదవగలిగే స్థాయికి మీరు రాకపోవచ్చు. ముక్కలు ముక్కలుగా అరగంట చదువు, మిగతా సమయంలో వినడం, నెమరేసుకోవడం. ఈ లెక్కన ప్లాన్ చేసుకుంటే మూడు నెలలు వృథా కావు.

నేను ఈఎన్‌టీ డాక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువగా చూస్తున్నది తల తిరుగుడు, బ్యాలెన్స్ సమస్యలే. చిన్నప్పటి నుంచి నాకూ కారు పడదు. వెనక సీట్లో బొమ్మల పుస్తకం తెరిస్తే మూడో పేజీకే కిటికీ అద్దం దించమని అడిగేదాకా వచ్చేది. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో సగం చదువుకున్నది, సగం అనుభవించింది.

అసలు చదివితేనే ఎందుకు వస్తుంది?

ఇప్పుడే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఫోన్‌ను కదలకుండా పట్టుకుని, "వద్దు వద్దు" అన్నట్టు తలను అటూ ఇటూ వేగంగా ఊపుతూ ఈ లైను చదవండి. అక్షరాలు దాదాపు నిలకడగానే కనిపిస్తాయి. ఇప్పుడు తల కదపకుండా, ఫోన్‌ను అదే వేగంతో అటూ ఇటూ ఊపండి. అక్షరాలు అలికేసినట్టు అయిపోతాయి. (మెడ నొప్పి ఉన్నవాళ్లు ఈ ప్రయోగం చేయకండి.)

రెండు సందర్భాల్లోనూ కదలిక ఒకటే, తేడా అంతా లోపలి చెవిది. ప్రతి చెవి లోపలా ద్రవంతో నిండిన మూడు సన్నటి వంపు గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో అవి కనిపెట్టి, రెప్పపాటులో కళ్లను అంతే వేగంతో ఎదురు దిక్కుకు తిప్పుతాయి. అందుకే నడుస్తూ కూడా దుకాణం బోర్డు చదవగలం. వాటి పక్కనే మరో రెండు చిన్న సంచులు, వాటిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి. ముందుకు దూకడం, ఆగడం, పైకి లేవడం, పక్కకు ఒరగడం వీటికి తెలుస్తాయి. ఈ అవయవం ఎలా పనిచేస్తుందో తేల్చినందుకే ఆస్ట్రియా డాక్టర్ రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక కారులోకి రండి. కారు మలుపు తిరిగితే మీ తలా, ఒళ్లో పుస్తకమూ రెండూ దాంతోపాటే తిరుగుతాయి. "తల తిరిగింది, కన్నును ఎదురు తిప్పు" అంటుంది చెవి. కానీ అక్షరం కూడా మీతోపాటే తిరిగింది కాబట్టి కన్ను దాని మీదే నిలబడాలి. అంటే చెవి ఇచ్చే ఆజ్ఞను మెదడు ప్రతి మలుపులోనూ అణిచిపెట్టాలి. పైగా కంటికి కనిపించే ప్రపంచమంతా కదలని పేజీ, ఒంటికి తెలిసేదేమో బ్రేకులు, మలుపులు, ఊగుడు. ఈ రెండు కబుర్లకూ పొంతన కుదరక మెదడు సతమతమవుతుంది. దాని ఫలితమే వికారం.

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1970లలో దీనికి ఇంకో ముఖ్యమైన ముక్క చేర్చారు. తగవు కంటికీ చెవికీ మధ్య మాత్రమే కాదు, మెదడు ముందుగా ఊహించిన కదలికకూ, నిజంగా జరిగిన కదలికకూ మధ్య కూడా ఉంటుందని. మీ ప్రశ్నకు ఇది చాలా అవసరమైన విషయం. డ్రైవర్‌కు దాదాపుగా ఎప్పుడూ కడుపులో తిప్పదు, గమనించారా? బ్రేకు వేసేది ఆయన కాలే, స్టీరింగు తిప్పేది ఆయన చెయ్యే. జరగబోయేది ఒక్క క్షణం ముందే ఆయన ఒంటికి తెలుసు. తల దించుకుని చదివేవారికి ప్రతి బ్రేకూ ఊహించనిదే. కారులో అందరికంటే తక్కువ సమాచారం ఉన్న మనిషి మీరే అన్నమాట. కింద చెప్పే ఉపాయాలన్నీ ఏదో ఒక రూపంలో ఆ సమాచారాన్ని మీకు తిరిగి ఇచ్చేవే.

కన్ను మూసుకుంటే సరిపోతుందా అంటే కొంతవరకే. చూపు లేనివారికి కూడా ప్రయాణంలో వికారం వస్తుంది. అదే, రెండు చెవుల్లోనూ ఈ బ్యాలెన్స్ అవయవం పూర్తిగా పనిచేయనివారికి రాదు. కాబట్టి దీన్ని బలహీనత అనుకోకండి. మీ లోపలి చెవి చురుగ్గా, సక్రమంగా పనిచేస్తోంది కాబట్టే ఈ గొడవ.

పక్కాయనకు ఎందుకు రాదు?

మనిషికీ మనిషికీ ఇందులో చాలా తేడా ఉంటుంది, కొంత వంశపారంపర్యం కూడా. రెండేళ్లలోపు పిల్లలకు అరుదు. ఆరేడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా బాగా ఎక్కువ, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ. నెలసరి రోజుల్లో, గర్భిణిగా ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువ. మైగ్రేన్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. మీ వయసు, మైగ్రేన్ సంగతి మీరు రాయలేదు. తరచూ ఒకవైపు తలనొప్పి, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకోండి. నా దగ్గరికి ఒక అనువాదకురాలు వచ్చేవారు. కారులో చదవలేకపోతున్నానని రెండేళ్లు రకరకాల మాత్రలు మార్చారు. తలనొప్పుల గురించి అడిగితే "అవి మామూలేనండీ, అమ్మకూ ఉన్నాయి" అన్నారు. మైగ్రేన్ అదుపులోకి వచ్చాక కారు సంగతి దానంతటదే సగం తేలికైంది.

పక్కాయనతో పోల్చుకుని పంతానికి పోవద్దని చెప్పడానికే ఇదంతా రాశాను. ఆయన చదవగలిగేది ఓపిక వల్ల కాదు, మీరు ఆగిపోయేది ఓపిక లేక కాదు.

ఆవలింతను పట్టుకోండి

ఈ జవాబు మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంచుకునే వీలుంటే ఇది గుర్తుంచుకోండి. వికారం మొదటి గుర్తు కానేకాదు. దానికంటే చాలా ముందే ఒళ్లు కబురు పంపుతుంది. చాలామందిలో మొట్టమొదటిది ఆవలింత. నిద్ర సరిపోయినా, పొద్దున్నే అయినా, చదువుతుండగా ఉన్నట్టుండి ఒక ఆవలింత. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు. చదివిన లైనే మళ్లీ చదువుతుంటారు. నుదుటి మీద, పైపెదవి మీద సన్నగా చల్లటి చెమట. చొక్కా కాలరు బిగుతుగా అనిపిస్తుంది. కడుపు అనేది ఒకటుందని తెలియడం మొదలవుతుంది, నొప్పీ కాదు, వికారమూ కాదు, ఊరికే అక్కడ ఉన్నట్టు తెలుస్తుంది. ఆ తర్వాతే నోట్లో నీళ్లు, మొహం పాలిపోవడం, డోకు.

నోట్లో నీళ్లు ఊరేదాకా వచ్చాక పుస్తకం మూసినా వెంటనే తగ్గదు. అరగంటో, గంటో, కొందరికి ఇంకా ఎక్కువో పడుతుంది. ఆవలింత దగ్గర మూస్తే మూడు నాలుగు నిమిషాల్లో తేరుకుంటారు. మీకు పది నిమిషాలకు నీళ్లు ఊరుతున్నాయంటే, ఐదారు నిమిషాలకే మొదటి కబురు వచ్చి ఉంటుంది. మీరు దాన్ని పట్టించుకోకుండా ఆ పేజీ పూర్తి చేద్దామని ముందుకు పోయి ఉంటారు.

కొందరికి వికారం అసలు రాదు, ఆవలింతలూ మగతే వస్తాయి. ఒకాయన "కారులో పుస్తకం తీస్తే చాలు, నిద్ర ముంచుకొస్తుంది, నాకు చదువు మీద శ్రద్ధ లేదు డాక్టర్" అని బాధపడ్డారు. ఇంట్లో రాత్రి పదకొండింటికి కూడా హాయిగా చదవగలిగే మనిషి. అది శ్రద్ధకు సంబంధించింది కాదు, ప్రయాణ వికారానికే అది మరో రూపం. 1970లలోనే దాన్ని గుర్తించి సోపైట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఆ మాట విన్నాక ఆయన మొహంలో కనిపించిన నెమ్మది నాకింకా గుర్తుంది.

అలవాటు చేసుకునే పద్ధతి

మొదటి రెండు రోజులు చదవడం కోసం చదవకండి. కొలవడానికి చదవండి. రోడ్డు తిన్నగా ఉన్న చోట పుస్తకం తెరిచి, మొదటి ఆవలింతో నిట్టూర్పో వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. ఆరు నిమిషాలు అనుకుందాం. కొలవడం అయ్యాక అందులో సగం, అంటే మూడు నిమిషాలే చదవాలి. బాగానే ఉన్నా సరే, మూడో నిమిషానికి మూసేయాలి. తల ఎత్తి, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కలిసే చోటును చూడాలి. కనీసం ఐదు నిమిషాలు. మళ్లీ మూడు నిమిషాలు. అలా ఒక ప్రయాణంలో నాలుగైదు సార్లు చాలు. మూడు నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే ఒక్క నిమిషం పెంచండి. పెంచాక ఏదైనా గుర్తు కనిపిస్తే మళ్లీ వెనక్కి.

ఒకవేళ ఏ రోజైనా దాటిపోయి వికారం వచ్చేసిందనుకోండి, ఆ ప్రయాణంలో ఇక పుస్తకం ముట్టుకోవద్దు. వికారంతో చదివిన ప్రతిసారీ మెదడు "పుస్తకం అంటే వికారం" అని పాఠం నేర్చుకుంటుంది. కొంతమందికి కారు సీటు వాసన తగిలితేనే కడుపులో తిప్పేది ఇందుకే. ఓర్చుకుని చదివితే ముదురుతుందని మొదట్లో అన్నది కూడా ఇందుకే.

ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు. కొద్దికొద్దిగా అలవాటు చేయడం ప్రయాణ వికారానికి ఉన్న అత్యంత బలమైన మందు. చాలా దేశాల సైన్యాలు పైలట్లకు ఇలాగే శిక్షణ ఇస్తాయి. వ్యోమగాముల్లో సగానికి పైగా మందికి మొదటి రెండు మూడు రోజులు వికారం ఉంటుంది, ఆ తర్వాత మెదడు సర్దుకుంటుంది. అయితే దీనికి ఒక లోటుంది. ఈ అలవాటు ఆ పరిస్థితికే పరిమితం, పైగా వదిలేస్తే పోతుంది. రెండు మూడు వారాలు సెలవు పెట్టి వస్తే మళ్లీ కొంత వెనక నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. ఈ కారులో అలవాటైంది కదా అని కొండ దారిలో బస్సెక్కి పుస్తకం తెరవకండి.

ఇంట్లో చేయదగ్గవి కూడా ఉన్నాయి. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టండి. దాన్నే చూస్తూ తలా, చెయ్యీ, నడుమూ కలిపి ఒకేసారి కుడికీ ఎడమకీ తిప్పండి. కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా, ఒక నిమిషం. మలుపులో పుస్తకం చదివేటప్పుడు కన్ను చేయాల్సిన పని సరిగ్గా ఇదే. రోజుకు రెండు మూడు సార్లు చేయమని నా పేషెంట్లకు చెప్తాను. అలాగే 2020లో బ్రిటన్‌లోని వార్విక్ యూనివర్సిటీ వాళ్లు ఆసక్తికరమైన ఫలితం ఒకటి ప్రకటించారు. బొమ్మను మనసులోనే తిప్పి చూడటం, మడత విప్పితే కాగితం ఎలా ఉంటుందో ఊహించడం లాంటి పజిల్స్‌ను రెండు వారాల పాటు రోజూ పావుగంట చేసినవారికి కారులో వికారం సగానికి పైగా తగ్గింది. చిన్న అధ్యయనమే, కానీ ఖర్చూ లేదు, నష్టమూ లేదు. ప్రయత్నించండి.

చదివే తీరు మార్చుకోండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. లా చదివే ఒక అమ్మాయి మీలాగే ప్రయాణ సమయం మీదే ఆధారపడింది. నాలుగు నిమిషాలకు మించి చదవలేకపోయేది. ఆమెతో లావుపాటి పుస్తకం ఇంట్లో పెట్టించాం. ముందురోజు రాత్రి పోస్టుకార్డు సైజు అట్టముక్కల మీద, ఒక్కోదానికి ఒకే ప్రశ్న, పెద్ద అక్షరాలతో రాసుకునేది. వెనక వైపు జవాబు మూడు లైన్లలో. కారులో ఒక కార్డు తీసి ప్రశ్న చదవడానికి ఐదు సెకన్లు. తర్వాత తల ఎత్తి, కళ్లు రోడ్డు మీద పెట్టి, జవాబు మనసులో చెప్పుకోవడానికి రెండు మూడు నిమిషాలు. చివర్లో కార్డు తిప్పి సరిచూసుకోవడానికి పది సెకన్లు.

లెక్క చూడండి. గంటలో కళ్లు కాగితం మీద ఉన్నది ఐదారు నిమిషాలే. చదువు మాత్రం గంటంతా నడిచింది. పైగా చూసి చదవడం కంటే ఇలా గుర్తు తెచ్చుకుని చెప్పుకోవడం వల్లే పాఠం బాగా నిలబడుతుందని చదువుల మీద పరిశోధన చేసినవాళ్లు ఎప్పుడో తేల్చారు. ఆరు వారాలు గడిచేసరికి ఆ అమ్మాయి పుస్తకం కూడా పది పన్నెండు నిమిషాలు చదవగలిగేది, కానీ కార్డులే బాగున్నాయని వాటిని వదల్లేదు.

కొత్త పాఠం, పొడుగాటి పేరాలు, పట్టికలు, లెక్కలు ఇంట్లోనే చదవండి. కారుకు నెమరేసే పని ఉంచండి. మీ సొంత గొంతుతో ఫోన్‌లో నోట్స్ రికార్డు చేసుకుని వినడం కూడా చాలామందికి కలిసొచ్చింది. వింటున్నప్పుడు కళ్లు దారి మీదే ఉంటాయి కాబట్టి తగవే లేదు.

చదవాల్సి వస్తే మాత్రం పుస్తకాన్ని ఒళ్లోంచి పైకెత్తండి. బ్యాగును ఒళ్లో నిలబెట్టి, దాని మీద మోచేతులు ఆనించి, పుస్తకం పై అంచు ముందు అద్దం కింది అంచుకు దగ్గరగా వచ్చేలా పట్టుకోండి. అక్షరాలు చదువుతున్నా కంటి కొసల్లో రోడ్డు కదలడం తెలుస్తూనే ఉంటుంది. స్క్రీన్‌ను కిందికి కాకుండా చూపు మట్టానికి పెడితే వికారం తగ్గుతుందని పరీక్షల్లోనూ తేలింది. తలను సీటు దిండుకు ఆనించి ఉంచండి, మెడ ఊగకూడదు. అక్షరాలు పెద్దవి చేయండి, చిన్న అక్షరాల కోసం తల వంచాల్సి వస్తే చేసిందంతా వృథా.

మలుపు వస్తోందనగానే పుస్తకం దించి రోడ్డు చూడండి. డ్రైవర్లు తెలియకుండానే తలను మలుపు లోపలి వైపుకు వంచుతారు. ప్రయాణికుల తల బయటికి ఒరిగిపోతుంది. మీరూ డ్రైవర్‌లాగా లోపలికి వంచి చూడండి, తేడా తెలుస్తుంది. రోజూ ఒకే దారి కావడం మీకు పెద్ద వరం. ఎక్కడ మలుపులున్నాయో, ఎక్కడ ట్రాఫిక్ ఆగుతూ సాగుతూ ఉంటుందో, ఎక్కడ పది నిమిషాలు తిన్నగా పోతుందో ఒక వారం గమనించి రాసుకోండి. తిన్నటి ముక్కల్లోనే చదువు.

ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో చదవద్దని గట్టిగా చెప్తాను. గతుకుల కుదుపు ఎక్కువ బాధ పెడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి కడుపును ఎక్కువ తిప్పేది నెమ్మదైన ఊగుడు, సుమారు ఐదు సెకన్లకొకసారి వచ్చేది. మెత్తటి సస్పెన్షన్ ఉన్న పెద్ద కార్లలో, అడుగడుక్కీ బ్రేకు పడే రద్దీలో జరిగేది అలాంటిదే. మీ కారు ఎలక్ట్రిక్‌ది అయితే ఇంకో సంగతి. యాక్సిలరేటర్ వదలగానే బండి దానంతటదే నెమ్మదిస్తుంది, ఇంజిను చప్పుడు కూడా ఉండదు కాబట్టి ఒంటికి ముందస్తు సూచన అందదు. చాలా మోడల్స్‌లో ఆ బ్రేకింగ్‌ను తక్కువకు పెట్టుకునే వీలుంటుంది, డ్రైవర్‌ను అడిగి చూడండి.

వీలైతే ముందు సీటు అడగండి. కుదరకపోతే వెనక సీట్లో ముందు అద్దం బాగా కనిపించే చోట కూర్చోండి. పక్క కిటికీలోంచి దగ్గరగా పరుగెత్తే చెట్లను చూడటం ఉపశమనం ఇవ్వదు, చూపు దూరానికి పోవాలి. ఇక్కడ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. తొమ్మిదేళ్ల బాబును "ప్రతి ప్రయాణంలో నాటకాలు ఆడుతున్నాడు" అని తీసుకొచ్చారొకసారి. కారులో వాడి కళ్ల ముందుండేది ముందు సీటు వీపు మాత్రమే. చేతిలో టాబ్. బయటేముందో వాడికి కనిపించే దారే లేదు. సీటు ఎత్తు పెంచి, టాబ్ తీసేసి, దారిలో ఎర్ర బండ్లు లెక్కపెట్టే ఆట ఇచ్చారు. నాటకాలు అన్న మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

ఫోన్‌లో చదివేవాళ్లు తరచూ చుక్కల గురించి అడుగుతున్నారు. ఆపిల్ 2024లో ఐఫోన్లలో, ఐప్యాడ్లలో ఈ సౌకర్యం ఇచ్చింది. స్క్రీన్ అంచుల్లో చిన్న చుక్కలు కారు కదలికను బట్టి జరుగుతుంటాయి. కంటి కొసకు కదలిక చూపించి పొంతన కుదర్చడమే ఉద్దేశం, ఆలోచన సరైనదే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి బాగా పనిచేసింది, కొందరికి చుక్కలే చికాకు. ఒక వారం వాడి చూడండి.

మాత్రల సంగతి

ఈ మందుల కథ కూడా ప్రయాణంతోనే ముడిపడి ఉంది. 1940ల చివర్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో దద్దుర్లకు డైమెన్‌హైడ్రినేట్ అనే మందు ఇచ్చి చూస్తున్నారు. ఆ మందు వేసుకున్న ఒక గర్భిణి, ఎప్పుడూ వాహనమెక్కితే వచ్చే వికారం ఇప్పుడు రావడం లేదని చెప్పింది. అలా బయటపడింది. మెక్లిజిన్, ప్రోమెథజిన్, సిన్నరిజిన్ కూడా ఆ కోవవే, అంటే పాత రకం అలర్జీ మందులు. మందును బట్టి బయల్దేరడానికి అరగంట నుంచి రెండు గంటల ముందు వేసుకుంటే పనిచేస్తాయి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ పట్టీ కొన్ని గంటల ముందే పెట్టుకోవాలి, మూడు రోజుల దాకా ఉంటుంది.

మరి మీకెందుకు వద్దంటున్నానంటే, మొదటి రకం మందులన్నీ మత్తు తెస్తాయి. చదవడం కోసం వేసుకుని, చదివింది బుర్రకెక్కని పరిస్థితి. పట్టీ అయితే దగ్గరి చూపును మసకబారుస్తుంది, నోరు ఎండగొడుతుంది. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకూ, ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్లకూ ప్రమాదం కూడా. రోజుకు రెండుసార్లు ప్రయాణం చేసేవాళ్లు మూడు నెలలు ఇవి వాడటం నాకు సమ్మతం కాదు. ఎప్పుడో ఒకసారి చేసే దూర ప్రయాణానికి మీ డాక్టర్‌ను అడిగి వాడుకోండి. మందు వేసుకున్నవాళ్లు బండి నడపకూడదు. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో సొంత వైద్యం అస్సలు వద్దు. "మగత రాని అలర్జీ మాత్ర వేసుకుంటాను" అని కొందరంటారు. మగత తెప్పించని ఆ కొత్త రకాలు ప్రయాణ వికారాన్ని ఆపవు. వాంతులకు విరివిగా ఇచ్చే ఆన్‌డాన్సెట్రాన్ కూడా దీనికి పెద్దగా పనిచేయదు.

అల్లం కొందరికి హాయిగా ఉంటుంది, పరిశోధన ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. మణికట్టు మీద ఒక చోట నొక్కుతూ ఉండేలా కట్టుకునే పట్టీల సంగతీ అంతే. నేను నమ్మకంగా చెప్పేది శ్వాస. మొదటి గుర్తు కనిపించగానే పుస్తకం మూసి, కళ్లు దూరంగా పెట్టి, నెమ్మదిగా, ఒకే లయలో ఊపిరి తీసి వదలండి. ఆలోచనంతా ఊపిరి మీదే. దీనివల్ల వికారం ఆలస్యమవుతుందని పరీక్షల్లో తేలింది, మందుతో పోలిస్తే తక్కువే గానీ మత్తు ఉండదు. నేను ఇప్పటికీ వాడేది ఇదే.

కడుపు మరీ ఖాళీగానూ, మరీ నిండుగానూ ఉండకూడదు. మొహానికి చల్లగాలి తగిలేలా ఏసీ తిప్పుకోండి. కారులో ఘాటైన సెంటు డబ్బా ఉంటే తీసేయమని అడగండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? కారు ఆగి చాలాసేపు అయినా తల తిరుగుతూనే ఉంటే, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా గది గిర్రున తిరిగితే, ఒక చెవిలో హోరు గానీ వినికిడి తగ్గడం గానీ ఉంటే, చిన్నప్పుడెప్పుడూ లేనిది పెద్దయ్యాక ఉన్నట్టుండి మొదలైతే. ఇవి ప్రయాణ వికారం లెక్కలోకి రావు, చూపించుకోవాలి. తల తిరుగుడుతో పాటు మాట తడబడటం, రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక మీ మూడు నెలల గురించి. ఈ వారం దారి గమనించడానికీ, నిమిషాలు కొలవడానికీ కేటాయించండి. వచ్చే వారం నుంచి కార్డులు, మూడు నిమిషాల ముక్కలు. నెల తిరిగేసరికి ఎంతవరకు వచ్చారో ఇక్కడే రాయండి, అప్పటి లెక్కను బట్టి ముందుకు ఎలా పెంచాలో చూద్దాం. పరీక్ష రోజున మాత్రం ఎంత అలవాటైనా సరే, కారులో కాగితం తీయకండి. ఆ రోజు టెన్షన్‌లో ఆవలింతను పట్టించుకోరు, చివరి నిమిషం పేజీల కోసం ఆగకుండా చదివేస్తారు, ఆ మగత హాల్లోకి మీతోపాటే వస్తుంది. ముందు సీట్లో కూర్చుని, మీ గొంతుతో రికార్డు చేసుకున్న నోట్స్ వింటూ, రోడ్డు చూస్తూ వెళ్లండి.